పెట్టెల గది

అండమాన్ దీవుల్లోని రంగత్ చేపల బజారులో యర్రమ్మ పీట మీద కూర్చుందంటే మళ్ళీ లేచేది బజారు కట్టేశాకే. పొద్దున్న ఆరింటికి కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, కత్తిపీట కాలికింద తొక్కిపట్టి కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఆఖరి కవళ్ళ చేపల కుప్ప అయినకాడికి తోసేసి లేస్తుంది. మధ్యలో ఎనిమిది గంటలు. మిగతా ఆడవాళ్ళు ఎంత బిగబట్టినా పూటకి ఒక్కసారైనా లేవక తప్పదు. యర్రమ్మ ముప్ఫై ఏళ్ళలో ఒక్కపూట లేచింది లేదు. పక్క పీట అప్పలకొండమ్మ ఈ సంగతి కొత్తగా వచ్చిన బేరాలకి ఊరి గొప్ప చెప్పినట్టు చెప్పేది.

"మా యర్రమ్మని సూడండి దీదీ. తుపానొచ్చినా లెగదు, ఒంటికొచ్చినా లెగదు!"

యర్రమ్మ మూతి తిప్పేది గానీ లోపల మురిసేది. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా. కొందరికి మెళ్ళో బంగారం, కొందరికి ఆఫీసులో కొడుకు. యర్రమ్మకి ఇదీ.

దాని కిటుకు పెద్దదేమీ కాదు. రాత్రి అన్నం తిన్నాక నీళ్ళు ముట్టదు. పొద్దున్న అరగ్లాసు టీ. ఆ తర్వాత ఇంటికి వెళ్ళేదాకా దవడన ఒక తమలపాకు ముక్క, అంతే. కాపరానికి వచ్చిన కొత్తలో అత్త నేర్పిన విద్య అది. ఇప్పుడు తను కోడలికి నేర్పుతోంది.

అయితే రెండు నెలలుగా బొడ్డుకింద ఒకటే మంట. కారం చేత్తో కళ్ళు నులుముకున్నట్టు ఉండేది లోపల. మూడుసార్లు ఊళ్ళో మందులు వాడింది. పదిరోజులు తగ్గేది, మళ్ళీ చలిజ్వరంతో సహా వచ్చేది. పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి స్కానింగ్ తీయించుకోమని ఊళ్ళో ఆస్పత్రి వాళ్ళు చీటీ రాసిచ్చారు. ఆ సోమవారం కూడా మండుతూనే ఉంది. యర్రమ్మ సూర్మై చేప తోకపట్టి, రెక్కకింద కత్తికి ఆనించి, మొప్పలు ఒక్క లాగుతో ఊడబెరికింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కాలివేళ్ళు మాత్రం ముడుచుకుని పీటని గట్టిగా పట్టుకున్నాయి.

"అత్తా, ఇప్పుడే వచ్చీస్తాను," అంటూ పక్కనుంచి అమ్మడు లేచింది.

అమ్మడు యర్రమ్మ కోడలు. కొడుకు లక్ష్ముడు పడవ మీద వేటకి వెళతాడు. ఈ పిల్ల అత్తపక్కన పీట వేసుకుని నాలుగు నెలలయింది. ఇప్పుడు ఐదో నెల కడుపు.

"మల్లీనా?" అంది యర్రమ్మ తలెత్తకుండా. "పొద్దుట్నించీ ఇది మూడోసారే పిల్లా."

"వచ్చీసింది అత్తా."

"సిల్లు కుండవే నువ్వు. పోసింది పోసినట్టు కారిపోతాది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. అప్పలకొండమ్మ అయితే చేతిలో మాగచేప కిందపెట్టి మరీ నవ్వింది. మొదటి నెలలో ఈ మాటకి అమ్మడు కూడా నవ్వేది. ఇప్పుడు తల వంచుకుని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేది దగ్గర కాదు. షెడ్డు వెనక మురిక్కాలువ దాటాలి, రోడ్డు దాటాలి, టీకొట్టు బల్లల మీద కూర్చున్న మగాళ్ళ ముందునుంచి నడవాలి. ఆ తర్వాత కలప డిపో కంచె వెనక తుప్పలు. అక్కడ పాములకంటే మనుషుల భయం ఎక్కువ. మగాళ్ళకి ఆ బాధ లేదు. వాళ్ళకి డిపో గోడ పొడుగునా చోటే.

అమ్మడు తిరిగొచ్చేసరికి పాదం మీద ముల్లు గీరి రక్తపు చార ఉంది. ఆమె బేరం కాస్తా అప్పలకొండమ్మ పీటకి పోయింది. పిల్ల కూర్చుని, ఐసు కింద చేతులు దూర్చింది.

"అత్తా, మన పెట్టెల గది..."

"పెట్టెల గదికేటి?"

"ఏటీ లేదులే."

"నీలు తాగడం మాను. నాను సెప్పినట్టు సెయ్యి. వారంరోజులు కష్టం, తరవాత పొట్టే అలవాటు పడిపోద్ది."

అమ్మడు పీటకింద దాచుకున్న నీళ్ళ సీసాని కాలితో ఇంకాస్త వెనక్కి తోసేసింది. పెదాలు ఎండి పొలుసులు లేచి ఉన్నాయి. యర్రమ్మ అది చూసింది. చూసి, దారిలోకి వస్తోందిలే అనుకుంది.

రెండింటికి బజారు కట్టేశారు. అందరివీ థర్మాకోల్ పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి షెడ్డు వెనక గదిలో పెట్టారు. యర్రమ్మ నడుముకి నల్లతాడుతో కట్టుకున్న చాబీ తీసి తాళం వేసింది. రెండుసార్లు గుంజి చూసింది. ఆ చాబీ ఆమె నడుముకి ఎక్కాక బజారులో పెట్టె పోయిందన్న మాట లేదు. ఇంకెవరి చేతికిచ్చినా ఆడవాళ్ళు నమ్మరు. అదీ ఆమెకి ఒక గొప్పే.

సాయంత్రం లక్ష్ముడు ఫోను మాట్లాడి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో స్కానింగ్ సెంటర్‌లో నర్సుగా చేస్తున్న సారాతో మాట్లాడాడు. సారా యర్రమ్మ పెద్దమ్మ కూతురు ఎలీసబెతుకి కూతురు.

"బుధవారం రమ్మంది అమ్మా. నీలు బాగా తాగి, ఒంటికెల్లకుండా రావాలంట. పొట్ట నిండుగా ఉంటేనే బొమ్మ కనబడతాదంట."

"ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ పట్నంలో, డాలీగంజ్‌లో," అంది యర్రమ్మ. "మన రోడ్డు సంగతి దానికేటి తెలుసు?"

*

రోడ్డు సంగతి ఏమిటంటే, రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ బస్సు ఎక్కే ఆడది ముందురోజు సాయంత్రమే నీళ్ళకి నోరు కట్టేసుకుంటుంది. బస్సు ఉపవాసం అంటారు దాన్ని నవ్వులాటకి. శివరాత్రి ఉపవాసంలో పండూ పాలూ ఉంటాయి, ఇందులో అవీ లేవు. తెల్లవారకముందే బయల్దేరిన బస్సు రెండుచోట్ల బార్జి ఎక్కి సముద్రపు పాయలు దాటుతుంది. బార్జి మీద మగాళ్ళు ఏ మూలకో వెళ్ళొస్తారు. ఆడవాళ్ళు నీళ్ళకేసి చూస్తూ నిలబడతారు. ఆ తర్వాత జరావా ఆదివాసుల అడవి. అక్కడ బళ్ళన్నీ ఒకే వరసలో, ముందూ వెనకా పోలీసులతో వెళ్ళాలి. ప్రాణం మీదికొచ్చినా మధ్యలో ఆపరు.

యర్రమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో కాలేజీ పిల్ల ఒకతె సంచీ పొట్టకి నొక్కుకుని, కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటోంది. రోడ్డు గతుకు తగిలినప్పుడల్లా ఆ పిల్ల భుజాలు పైకి లేస్తున్నాయి. యర్రమ్మకి జాలేసింది. జాలితోపాటు, తనకి అలాంటి బాధ లేనందుకు కాస్త గర్వం కూడా కలిగింది. మంట ఉంది గానీ వెళ్ళాలన్న తొందర లేదు. ఆ మాటకొస్తే ఆ తొందర చివరిసారి ఎప్పుడు కలిగిందో కూడా ఆమెకి గుర్తులేదు.

మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా సెంటర్‌కి వెళ్ళింది. తెల్లబట్టల్లో సారా ఎదురొచ్చి చేతిసంచీ అందుకుంది.

"పిన్నీ, నీళ్ళు తాగావా?"

"ఒక్క సుక్క ముట్నేదు," అంది యర్రమ్మ, మెచ్చుకుంటుందని.

సారా నుదురు కొట్టుకుంది. "అయ్యో పిన్నీ! లక్ష్ముడు అన్నకి అంత చెప్పానే. మూత్రాశయం ఖాళీగా ఉంటే ఏం కనబడుతుంది చెప్పు?"

"మరి బస్సులో ఏటి సెయ్యమంటావే?"

సారా లోపలికి వెళ్ళింది. లీటరు సీసా తెచ్చి చేతిలో పెట్టి, గోడవారన బెంచీ చూపించింది. "మొత్తం తాగు. గట్టిగా వస్తోందనగానే నన్ను పిలు."

యర్రమ్మ తాగింది. పగటిపూట అన్ని నీళ్ళు తాగడం ఆమెకి పాపం చేసినట్టు ఉంది. బెంచీ మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అలాగే సీసాలు పట్టుకుని ఉన్నారు. గంట తిరక్కముందే ఒకతె కాలు ఆడించడం మొదలుపెట్టింది. ఒకతె లేచి అటూ ఇటూ నడిచింది. మూడో ఆవిడ "సిస్టర్, ఇంక నా వల్ల కాదు" అంటూ లోపలికి పరిగెత్తింది. ఒక్కొక్కరే వెళ్ళారు, వచ్చారు, పోయారు. యర్రమ్మ రాయిలా కూర్చుంది.

"వచ్చిందా పిన్నీ?"

"నేదే."

ఇంకో అరలీటరు. గోడమీద గడియారం నాలుగు దాటింది. సారా మళ్ళీ వచ్చి, ఈసారి ఆమె మొహంలోకి వంగి చూసింది.

"కొంచెం కూడా అనిపించట్లేదా?"

"నాకంత తొందరగా రాదమ్మా. మీలాంటోల్లకి లాగ కాదు," అని నవ్వింది యర్రమ్మ.

సారా నవ్వలేదు. లోపలికి వెళ్ళి డాక్టరమ్మతో ఏదో మాట్లాడి, యర్రమ్మని చెయ్యిపట్టి తీసుకెళ్ళి బల్లమీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ పొట్టమీద చల్లటి జిగురు పూసి, చేతిలో పనిముట్టు ఆనించింది. తెర మీద నల్లటి గుండ్రం ఒకటి కనబడింది. అది తెర అంతా పరుచుకుని ఉంది. డాక్టరమ్మ పనిముట్టు అటూ ఇటూ జరిపింది. ఎటు జరిపినా నలుపే. హిందీలో మళ్ళీ అదే అడిగింది: ఇప్పటికీ రావట్లేదా?

"నహీ మేడమ్," అంది యర్రమ్మ.

"పిన్నీ," అంది సారా మెల్లిగా, "లోపల దగ్గర దగ్గర లీటరు ఉంది. నువ్వు తాగిన సీసా అంత."

యర్రమ్మకి అర్థం కాలేదు. ఒంటికి వెళ్ళి రమ్మన్నారు. వెళ్ళొచ్చింది. బోలెడంత వచ్చింది, ఇంక చుక్క లేదనుకుంది. మళ్ళీ పడుకోబెట్టి చూస్తే తెరమీద ఆ నలుపు సగానికి తగ్గింది గానీ పోలేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఓపిగ్గా హిందీలో చెప్పింది. యర్రమ్మకి బజారు హిందీ బాగా వచ్చు గానీ ఈ మాటలు వేరు. సారా పక్కన నిలబడి తెలుగు చేసింది.

"మూత్రాశయం గోడ సాగుతుంది పిన్నీ. సాగినప్పుడల్లా దాంట్లో ఉన్న నరాలు తలకి కబురు పంపుతాయి. మొదట నిండుతున్నానంటాయి. తర్వాత వెళ్ళమంటాయి. అప్పటికీ వెళ్ళకపోతే నొప్పి పెడతాయి. నువ్వు ముప్ఫై ఏళ్ళు ఆపావు. గోడ సాగి సాగి వదులైపోయింది. పిలిచి పిలిచి పలక్కపోతే ఎవరైనా ఊరుకుంటారు కదా, అలా ఆ కబురు చెప్పడం మానేశాయి. నువ్వు వెళ్ళినా మొత్తం రాదు. సగం లోపలే ఉండిపోయి కుళ్ళుతోంది. అందుకే జ్వరం, మంట."

యర్రమ్మ పైట సర్దుకుంటూ ఆలోచించింది. చేప కోసేది ఆమె. ఏ చేపకి తిత్తి ఎక్కడుంటుందో, ఏ నరం తెగితే ఏది జారుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. అందుకే ఆ అనుమానం వచ్చింది.

"కబురు సెప్పడం మానీస్తే మరి మంటెలా తెలస్తందే? అది తెలస్తంది కదా నాకు?"

సారా ఆ ప్రశ్న డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ ఆమెకేసి కొత్తగా చూసి తలూపింది. మంచి ప్రశ్నే అంది.

"నిండిందని చెప్పే నరాలు వేరు, మండుతోందని చెప్పేవి వేరట పిన్నీ. మొదటివి మూగపోయాయి. రెండోవి మామూలుగా నిద్రపోతూ ఉంటాయి, రోగం తగలగానే లేచి అరుస్తాయి. నీకు అరిచేవే మిగిలాయి."

ఆ తర్వాత చెయ్యాల్సింది చెప్పారు. మందులు వాడాలి. నీళ్ళు బాగా తాగాలి. వచ్చినా రాకపోయినా మూడు గంటలకోసారి వెళ్ళాలి, కూర్చోవాలి, లేచి కాసేపాగి మళ్ళీ కూర్చోవాలి. ఒక మూత్రపిండం అప్పుడే కొంచెం ఉబ్బింది. ఈ మాట వినకపోతే అవి చెడతాయి, బతికినంతకాలం గొట్టం పెట్టుకుని తిరగాల్సి రావచ్చు.

"ఆ కబురు మల్లీ వస్తాదా?"

"కొందరికి కొంత వస్తుందట. అందరికీ రాదట."

సారా ఆమె ఫోనులో మూడేసి గంటలకి గంట మోగేట్టు పెట్టింది. పెడుతూ పెడుతూ మామూలుగా అడిగింది, "అమ్మడు ఎలా ఉంది పిన్నీ? ఐదో నెలన్నారు కదా."

"బాగానే ఉంది. మాటికీ ఒంటికి పరిగెడతాది. నీలు తాగొద్దని అదుపులో పెట్టినాను."

సారా వేళ్ళు ఫోను మీద ఆగిపోయాయి. "కడుపుతో ఉన్న పిల్లనా? పిన్నీ, నీకొచ్చిన ఈ మంటే దానికొస్తే నెలలు నిండకుండా కాన్పు అయిపోవచ్చు. ఎవరు చెప్పారు నీకు అలా చెయ్యమని?"

ఎవరూ చెప్పలేదు. అత్త చెప్పింది. అత్త పోయి పన్నెండేళ్ళయింది.

*

ఆ రాత్రి డాలీగంజ్‌లో ఎలీసబెతు ఇంట్లో ఉండిపోయింది. ఎలీసబెతు పెళ్ళి చేసుకుని క్రైస్తవంలోకి వెళ్ళిన మనిషి. మాట కరుకు, మనసు వెన్న. కూతురి నోట అంతా విని, అన్నం వడ్డిస్తూ మండిపడింది.

"ముప్ఫై ఏల్లు ఉగ్గబట్టుకుని కూర్చున్నావా? మీ బజార్లో లెట్రిన్ నేదేటి?"

"ఉంది," అంది యర్రమ్మ. అబద్ధం చెప్పాల్సింది అక్కడే అని తర్వాత అనిపించింది. "తాళమేసుంటాది."

"ఎవుడేసినాడు?"

"బజారు కమిటీ వోల్లు."

చారులో అన్నం కలుపుతున్న కుడిచెయ్యి ఆగింది. ఎడమచెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోయి నల్లతాడుని తడిమింది. చాబీ ఒంటివేడికి వెచ్చగా ఉంది.

భోజనమయ్యాక కుటుంబ ప్రార్థన. యర్రమ్మ కొలిచేది వేరే దేవతలనైనా, అక్క ఇంట్లో ఉన్నప్పుడు అందరితోపాటు తల వంచి కూర్చోవడం అలవాటే. ఎలీసబెతు కొంగు తలమీద వేసుకుని కళ్ళు మూసుకుంది. మామూలు మాటలో కరుకుగా ఉండే గొంతు ప్రార్థనలో పుస్తకం చదివినట్టు మారిపోతుంది.

"ప్రేమగల తండ్రీ, నా చెల్లెలి దేహమును నీవు ముట్టుము. ఆ బజారులో ఆడబిడ్డలు పడుచున్న యాతన నీవు చూచుచున్నావు. ఆ గదికి తాళము వేసుకొని కూర్చున్న వాని కఠిన హృదయమును మెత్తపరచుము. మెత్తపడనియెడల విరుగగొట్టుము తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. యర్రమ్మ పైటకొంగు చాబీ మీదికి లాక్కుంది.

పడుకుందన్నమాటే గానీ నిద్ర రాలేదు. ఆ గది కట్టిన రోజు కళ్ళకి కట్టింది. పదేళ్ళ కిందట కొత్త షెడ్డుతోపాటు వెనక పక్కపక్కన రెండు గదులు కట్టారు. ఒకదానిమీద మగవాళ్ళు అని, ఒకదానిమీద ఆడవాళ్ళు అని రంగుతో రాశారు. మగాళ్ళ గది తలుపు మొదటి వానాకాలంలోనే ఊడిపోయింది, వాళ్ళకి దాని అవసరమూ లేదు. ఆడవాళ్ళ గది తలుపు గట్టిది. అదే వారంలో అప్పలకొండమ్మ పెట్టె ఎవడో ఎత్తుకుపోయాడు. అప్పుడు యర్రమ్మే అంది, ఇన్నేళ్ళూ లేని రోగం ఇప్పుడొచ్చిందా, ఆ గది మనకెందుకు, పెట్టెలు పెట్టుకుందాం అని. తాళం తనే కొంది. తెలివంటే యర్రమ్మదే అన్నారందరూ. కమిటీ వాళ్ళు పట్టించుకోలేదు, అడిగిన ఆడది లేదు. అడగబోయింది ఒక్క అమ్మడే. "మన పెట్టెల గది" అని మొదలుపెట్టి మింగేసింది. తను ఆ పిల్లని చిల్లు కుండ అంది.

యర్రమ్మకి సిగ్గేసింది. ఒంట్లో మంటకి మాత్రలున్నాయి, దీనికి లేవు. దిండు కింద ఫోను గంట మోగింది. లేచి వెళ్ళింది, కూర్చుంది, కాసేపాగి మళ్ళీ కూర్చుంది.

మర్నాడు తిరుగుబస్సులో నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడవి మొదట్లో చెక్‌పోస్టు దగ్గర బళ్ళు వరస కట్టడానికి ఆగాయి. యర్రమ్మ దిగింది. పక్క సీట్లో కొత్తగా పెళ్ళయినట్టున్న పిల్ల కదలకుండా కూర్చుని ఉంటే భుజం తట్టింది.

"నెగమ్మా, ఎల్లొద్దాం. ఇంక రెండు గంటలు ఆపడు."

"నాకు రావట్లేదు ఆంటీ."

"రాకపోయినా ఎల్లాల," అంది యర్రమ్మ.

*

శుక్రవారం పొద్దున్న ఐదింటికే అమ్మడిని వెంటబెట్టుకుని బజారుకి వచ్చింది. పీటలు వెయ్యలేదు. నేరుగా షెడ్డు వెనక్కి వెళ్ళి తాళం తీసింది. నీసు వాసన గుప్పున కొట్టింది. పెట్టెలు ఒక్కొక్కటీ బయటికి మోసి గోడవారన పేర్చింది. అమ్మడు వంగబోతే కసిరింది.

"నువ్వు బరువెత్తకు. నీలు పట్రా."

చివరి వరస మోసి బయటికి వచ్చేసరికి తలుపు పైన గోడమీద పెచ్చులూడిన రంగు అక్షరాలు కనబడ్డాయి. యర్రమ్మకి చదువు రాదు. ఆ అక్షరాలు ఏమిటో మాత్రం తెలుసు. లోపల బేసిన్ నిండా పొలుసులు, ఎండ్రకాయ డిప్పలు. కొబ్బరి చీపురుతో గీకింది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. చేపలు కడిగే డ్రమ్ముల్లో మంచిది ఒకటి లాక్కొచ్చి మూల పెట్టింది. టీకొట్టు పంపు దగ్గర్నుంచి అమ్మడు బిందె సగం సగం నింపి తెచ్చింది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అత్త మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు.

ఆరింటికి అప్పలకొండమ్మ వచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! పెట్టెలు బయటేసినావేటే? ఎవుడైనా ఎత్తుకుపోతే?"

"మా ఇంటి అరుగుమీద పెడతాను. రోజూ నానే మోయించుకుపోతాను."

"దేనికే ఈ కష్టం?"

"ఇది ఆడోల్ల గది. మనం దొబ్బీసి పెట్టెలు పెట్టీనాం. మనం కాదు, నాను పెట్టీనాను."

మిగతా ఆడవాళ్ళు బుట్టలు దింపి చుట్టూ మూగారు. అప్పలకొండమ్మకి కోపమొచ్చింది. పదేళ్ళ ఏర్పాటు ఒక్క పొద్దులో తారుమారైతే ఎవరికైనా వస్తుంది.

"కోడలి కోసమా? ఆ సిల్లు కుండ కోసం మా పెట్టెలు ఈదిన పడేస్తావా? ముప్ఫై ఏల్లు నువ్వు లెగలేదు కదే! నిన్ను సూసే కదా మేమందరం బిగబట్టుకుని కూకున్నాం!"

ఆ మాట యర్రమ్మకి సూటిగా తగిలింది. చీపురు కింద పడేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నెగలేదు కాదు కొండమ్మా. నెగాలని నాకు తెలీడమే మానీసింది. లీటరు నీలు లోపలుంటే నాను రానేదని సెప్పినాను. డాక్టరమ్మ బొమ్మలో సూపింది. ఇది గొప్ప కాదే. ఇది పాడైపోడం."

ఇంత పెద్ద యర్రమ్మ, ఒంటి గుట్టు బజార్లో పెట్టడం వాళ్ళెప్పుడూ చూడలేదు. అప్పలకొండమ్మ తన పెట్టె తను ఎత్తుకుని పీట దగ్గరికి వెళ్ళిపోయింది.

బేరాలు మొదలయ్యాయి. ఆ పూట కానాగంత చేపలు బాగా పడ్డాయి, జనం ఎగబడ్డారు. యర్రమ్మ ఫోను తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచీ అడుగున పెట్టింది. తొమ్మిదింటికి అది మోగింది. ఐసు కొట్టే చప్పుడులో, బేరాల గోలలో ఎవరికీ వినబడలేదు. యర్రమ్మకి అసలే వినబడలేదు. లోపలినుంచి కూడా ఏ కబురూ లేదు. చేతులు చేప కోస్తున్నాయి.

అమ్మడు కత్తి పక్కన పెట్టి లేచింది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"అత్తా, నాకొచ్చింది. నువ్వూ నెగు."

"నాకేటీ తెలస్త నేదే," అంది యర్రమ్మ.

"అందుకే నెగమంటన్నాను."

సగం కోసిన సూర్మై పీటమీద వదిలేసి యర్రమ్మ లేచింది. ఎదురుగా ఉన్న బేరం ఆవిడ "ఏమైంది దీదీ?" అంది. ముప్ఫై ఏళ్ళలో తొమ్మిదింటివేళ ఆ పీట ఖాళీ అవడం అదే మొదలు. అత్తా కోడళ్ళు ఒకరి వెనక ఒకరు షెడ్డు వెనక్కి నడిచారు. అమ్మడు వెళ్ళొచ్చాక యర్రమ్మ వెళ్ళింది. కూర్చుంది. రాలేదు. గోడకేసి చూస్తూ ఎదురుచూసింది.

"తొందర నేదత్తా," అంది అమ్మడు తలుపు బయటనుంచి. "నానిక్కడే ఉన్నాను."

కాసేపటికి వచ్చింది. లేచి నిలబడి, డాక్టరమ్మ చెప్పినట్టు ఆగి, మళ్ళీ కూర్చుంది. ఇంకొంచెం వచ్చింది. బయటికొచ్చేసరికి అమ్మడు పక్కన అప్పలకొండమ్మ నిలబడి ఉంది. మొహం అటు తిప్పుకుని ఉంది గానీ కాళ్ళు నిలబడలేక ఆడుతున్నాయి.

"ఎల్లు ఎల్లు," అంది యర్రమ్మ పక్కకి తప్పుకుని.

పీట దగ్గరికి వచ్చి కూర్చున్నాక చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి పోయింది. నల్లతాడు ఉంది. చాబీ పొద్దున్నే తలుపు వెనక మేకుకి తగిలించేసింది. వంగి, కోడలి పీటకింద వెనక్కి తోసేసి ఉన్న నీళ్ళ సీసా బయటికి లాగింది. మూత తీసి సగం తాగింది. మిగతా సగం అమ్మడి చేతిలో పెట్టింది.

అమ్మడు సీసా పట్టుకుని అత్త మొహంలోకి చూసింది.

"తాగవే," అంది యర్రమ్మ, సూర్మై తోక మళ్ళీ అందుకుంటూ. "నీకొస్తేనే గదా నాకు తెలిసేది."

అమ్మడు సీసా ఎత్తి గడగడా తాగింది.